గుడ్లగూబ దేవత చెంప

వుడ్‌ల్యాండ్స్, సింగపూర్
ఫిబ్రవరి 11

చెల్లెలు కోటేశ్వరికి అన్న సాంబమూర్తి రాసేది.

నేను బతికే ఉన్నాను. నువ్వూ ఉన్నావని కూతురు సుచిత్ర చెప్పింది. ఫోనులో మాట్లాడమని అది రోజూ పోరుతుంది. యాభై ఏళ్ళు ఉక్కు మీద సుత్తి కొట్టిన చెవులు ఇవి. నీ మాట నాకు వినపడదు, నా అరుపు నీకు అర్థం కాదు. అందుకే కాగితం. నువ్వు ఏడు చదివావు, నేను మూడు. అక్షరాలు తిరగేసి చెక్కమంటే చెక్కుతాను గానీ తిన్నగా రాయడం నాకు కష్టం. తప్పులు ఏరకు.

మీ వదిన పోయి నాలుగు నెలలైంది. నాకు ఏమీ అనిపించడం లేదు. అడిగినవాళ్ళందరికీ ఇదే చెబుతున్నాను. పొద్దున లేచి పదమూడో అంతస్తు నుంచి కిందకు చూస్తాను. మలేషియా వైపు నుంచి వంతెన మీద మోటారు సైకిళ్ళు వస్తూనే ఉంటాయి. అల్లుడు పోతాడు, సుచిత్ర పోతుంది, మనవరాలు తన్మయి స్కూలుకు పోతుంది. మధ్యాహ్నం కూర వేడి చేసుకుని తింటాను. ఉప్పు లేదని తెలుస్తుంది. లేచి వేసుకోను.

అసలు సంగతికి వస్తాను. పోయిన ఆదివారం నన్ను క్లెమెంటి తీసుకెళ్ళారు. అక్కడ సుధాకరరావు అని గుంటూరు వైపు మనిషి ఉన్నాడు. సైన్స్ పార్కులో పెద్ద ఉద్యోగం. పాత గ్రీసు దేశపు వెండి నాణేలు పోగు చేస్తాడు. పెద్దాయన కాసులకు అచ్చులు చెక్కే పనివాడని సుచిత్ర చెప్పిందట, నాకు చూపించాలని ముచ్చటపడ్డాడు. నల్ల మఖమలు పరిచిన పళ్ళేలు తీశాడు. ఒక్కో దాని మీద ఒక్కో దేవుడు. కుర్చీలో కూర్చుని చేతి మీద గద్దను పెట్టుకున్నవాడు వాళ్ళకు ఇంద్రుడి లాంటివాడట. నెత్తిన సింహం తోలు కప్పుకున్నవాణ్ణి చూసి నరసింహుడనుకున్నాను, కాదట. త్రిశూలం పట్టుకున్నవాడు శివుడేమో అంటే, సముద్రానికి దేవుడన్నాడు. బందరు వాళ్ళకు తెలియని సముద్రపు దేవుడెవరయ్యా అన్నాను. ఆయన నవ్వాడు. మంచి మనిషే.

పని చూశాను. చెయ్యి తిరిగినవాళ్ళే. గద్ద ఈకలు బాగా తీశారు. సింహం మూతి దగ్గర తొందరపడ్డాడు ఎవడో.

మూడో పళ్ళెంలో ఇనుప టోపీ పెట్టుకున్న దేవత ఉంది. వెనక వైపు గుడ్లగూబ. చూడగానే తెలిసింది. అది నాది.

గుర్తుందా? సుచిత్ర పుట్టక ముందు ఏడు మద్రాసు సేటు ఫొటోలు పట్టుకుని వచ్చాడు. విదేశాల్లో స్కూలు పిల్లలకు చూపించే నమూనాలన్నాడు. వెండి బిళ్ళలు తనే తెచ్చాడు. నేను అచ్చు చెక్కాను, మీ ఆయన దాంతో బిళ్ళలు కొట్టాడు. రెండు వందలో ఎన్నో పట్టుకుపోయాడు. ఎవరో తర్వాత మందు పెట్టి నల్లబరిచి, మట్టి పట్టించి పాతవాటిలో కలిపేశారు. సుధాకరరావు దగ్గర చేరింది అందులో ఒకటి. టోపీ మీద ఆకులు నావి. ముక్కు నాది. కంటి మూల లోపలికి తీసిన గీత ఈ లోకంలో ఎవడూ అలా తీయడు.

ఒక్కటి మాత్రం నాది కాదు. చెంప మీద చుక్క ఉంది. ఆవగింజంత, పైకి లేచి ఉంది. అచ్చులో గుంట పడితే గానీ నాణెం మీద చుక్క లేవదు. నేను చెక్కిన చెంప మీద గుంట లేదు. నా అచ్చు మీద గుంట ఉండదు. కొట్టిన ముక్కలు నేను ఏనాడూ చూడలేదు, నీకు తెలుసు. అచ్చు చూస్తే చాలు, మిగతావన్నీ దాని పిల్లలే అనేవాణ్ణి. అందుకని ఇన్నేళ్ళూ తెలియలేదు.

ఆ అచ్చు నీ దగ్గర ఇనుప పెట్టెలో ఉండాలి. తీసి చూసి గుంట ఉందో లేదో రాయి.

అన్న
సాంబమూర్తి

*

చిలకలపూడి
ఫిబ్రవరి 28

అన్నయ్యకు కోటేశ్వరి రాస్తున్నది.

ఉత్తరం అందింది. నాలుగు పేజీలు రాశావు. వదిన ఉన్నన్నాళ్ళూ నీ నోట నాలుగు మాటలు వినలేదని ఏడ్చేది, ఇప్పుడు చదవడానికి లేదు. పక్కింటి వాళ్ళకు కూడా చదివి వినిపించాను, కోప్పడకు.

సింగపూర్ వెళ్ళి కూడా అచ్చుల గొడవేనా? అక్కడ పార్కులున్నాయట, పక్షులున్నాయట, పిల్ల తీసుకెళ్తానంటుంటే నువ్వే రానంటున్నావట. సుచిత్ర నాకు చెప్పింది. చెబుతుంది, నా మేనకోడలు కదా.

ఆ పెట్టె తాళం చెవి ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. మీ బావ పోయాక దాన్ని తెరిచింది లేదు. తెరిచినా అంతా తుప్పే. ఉప్పుగాలి ఊరు మనది, ముప్పయ్యేడేళ్ళ ఇనుము ఎలా ఉంటుంది? ఏ తుప్పు పొక్కో అయి ఉంటుంది ఆ చుక్క. లేకపోతే ఆ నాణెం నీది కాదేమో. నీకు కళ్ళజోడు మార్చి ఎన్నేళ్ళయింది?

ఆయన పెద్దమనిషి, ఇష్టపడి దాచుకున్నాడు. దాని జోలికి పోకు. పోలీసులనీ దొంగ నాణేలనీ ఎక్కడికో పోతుంది. అసలు ఆ పని ఒప్పుకున్నప్పుడే వదిన వద్దంది. గుడ్లగూబ బొమ్మ ఇంట్లో పెట్టుకుని చెక్కుతారా, కడుపుతో ఉన్న మనిషిని ఎదురుగా పెట్టుకుని అని. నువ్వు వింటేగా. దేశం కాని దేశపు దేవతకు మన శకునాలేమిటే అని కసిరావు. అయినా ఆ అచ్చుకు వేడి పెట్టిందీ, నూనెలో ముంచిందీ వదినే. నీ ప్రతి అచ్చూ ఆవిడ చేతి మీదుగా పదునెక్కిందే. ఒకనాడు బాగుందని అన్నావా?

ఇక్కడ గిల్టు నగల పని తగ్గింది. అందరూ మిషన్లు పెట్టారు. నేను మాత్రం కూర్చుని రాళ్ళు అతుకుతున్నాను. వేళ్ళు వంగడం లేదు గానీ ఊరికే కూర్చుంటే తోచదు.

ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. ఏడ్చావా? శవం లేచినప్పుడు లేదు, పదకొండో రోజు లేదు. అక్కడికి వెళ్ళాకైనా?

చెల్లెలు
కోటేశ్వరి

*

వుడ్‌ల్యాండ్స్
మార్చి 14

కోటేశ్వరికి.

తాళం చెవి నీ కొంగు ముడిలోనే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ నీకు అబద్ధం రాదు, వచ్చినట్టు రాయకు.

తుప్పు పొక్కు వంకరగా ఉంటుంది. ఇది గుండ్రంగా ఉంది. మొన తేలిన మేకుతో కొట్టిన గుంట. తుప్పుకూ దెబ్బకూ తేడా నాకు చెబుతావా?

మళ్ళీ క్లెమెంటి వెళ్ళాను. నేనే అడిగి వెళ్ళాను. సుధాకరరావు సంతోషపడి కాఫీ ఇచ్చి ఒక పుస్తకం చూపించాడు. నాణేల మీద వాళ్ళకు ఒక సంఘం ఉందట, వాళ్ళ పుస్తకంలో ఈ చుక్క మీద ఆయన నాలుగు పేజీలు రాశాడట. ఇలాంటి చుక్క ఉన్న దేవత ఎక్కడా లేదట. పనివాడి గుర్తు కావచ్చు, గుడి గుర్తు కావచ్చు అని రాశాడట. వచ్చే నెల వాళ్ళ మీటింగులో పదిమందికీ చూపిస్తాడట.

"రెండు వేల నాలుగు వందల ఏళ్ళ నాటిది అంకుల్" అన్నాడు.

"ముప్పయ్యేడేళ్ళ నాటిది. చిలకలపూడిది. నేనే చెక్కాను" అన్నాను.

ఆయన నవ్వలేదు, అది నాకు నచ్చింది. కానీ సుచిత్ర నా మోచెయ్యి గిల్లింది. ఆయన వైపు తిరిగి, "ఏమీ అనుకోకండి, అమ్మ పోయిన దగ్గర్నుంచీ నాన్న ఇలాగే ఏదో ఒకటి..." అంది. నాకు వినపడదని దాని ధైర్యం. పెదవులు చూస్తే నాకు తెలుస్తుంది. తన్మయి నా చెయ్యి పట్టుకుని లాగి, "తాతా, డోంట్ టచ్ లా, అంకుల్ విల్ గెట్ యాంగ్రీ" అంది. ఇక్కడి పిల్లలు ప్రతి మాటకూ ఒక లా తగిలిస్తారు. నా పని నేను ముట్టుకోకూడదట.

సుధాకరరావు కోప్పడలేదు. భూతద్దం నా చేతికిచ్చి మర్యాదగా అడిగాడు. "అంకుల్, మీరే చెక్కారంటున్నారు. సరే. మరి ఈ చుక్క ఎందుకు పెట్టారో చెప్పండి. చెక్కినవాడికి తెలియాలి కదా" అన్నాడు.

డెబ్భయ్యారేళ్ళ వయసులో, నా పని గురించి ఒకడు అడిగితే జవాబు లేక కూర్చున్నాను. లేచి వచ్చేశాను. రైలులో సుచిత్ర ఏదో మాట్లాడుతూనే ఉంది. నేను పెదవుల వైపు చూడలేదు.

నేను ఆలోచించుకున్నాను. అచ్చు నా చేతి నుంచి పోయేటప్పుడు బాగుంది. కొట్టింది మీ ఆయన. కొట్టేటప్పుడు ఏ మేకో జారవిడిచి చెంప చెడగొట్టి, నాకు చెప్పకుండా సేటుకు అప్పగించాడు. పోయినవాణ్ణి అనకూడదు గానీ, చెయ్యి నిలకడ లేని మనిషి. నా పేరు చెడగొట్టాడు.

నాకు ఇంతవరకు పేరు ఎక్కడా లేదు. ఏ అచ్చు మీదా పనివాడి పేరు ఉండదు. ఇప్పుడు నా ముక్క ఆ దేవుళ్ళందరి పక్కన మఖమలు మీద కూర్చుంది. అది నాదని ఆ మనిషి నోట అనిపించాలి. ఈ వయసులో నాకు కావలసింది అదొక్కటే. అందుకు ఆ అచ్చు కావాలి. గుంట ఎంత లోతుందో చూసి చెంపంతా అంత లోతుకు దించి నునుపు చేస్తాను. చుక్క లేకుండా ఒక ముక్క కొట్టి ఆయన ముందు పెడతాను. అప్పుడు మాట్లాడమంటాను.

మన వీధి చివర చంటి ఇక్కడ షిప్‌యార్డులో వెల్డింగు చేస్తున్నాడు. పేరుకే చంటి, యాభై దాటాయి, నెత్తి మీద వెంట్రుక లేదు. సెలవుకు వస్తున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు వాడి చేత అచ్చు పంపు. గుడ్లగూబది అక్కర్లేదు, ముఖానిది చాలు. పంపకపోతే ఇంక నాకు రాయకు.

సాంబమూర్తి

*

చిలకలపూడి
మార్చి 29

అన్నయ్యకు.

అచ్చు పంపుతున్నాను. ఈ కాగితం దానికే చుడుతున్నాను. ముందు ఇది చదివి, తర్వాత ఆకురాయి పట్టు.

మీ బావను అన్నావు కాబట్టి రాస్తున్నాను. లేకపోతే నాతోపాటే పోయేది. ఆయన చెయ్యి నిలకడ లేనిదే, తాగిన రోజుల్లో నిలబడటానికే నిలకడ లేదు. కానీ నీ అచ్చు మీద ఆయన మేకు పడలేదు. ఆ మేకు వదినది.

నువ్వు చెంప తుడిచి, అయిపోయిందని లేచి టీకి వెళ్ళావు. వదిన కుంపటి రాజేసుకుంటోంది. అచ్చు పట్టకారుతో ఎత్తి, తడి మైనం ముద్ద మీద ఒత్తి చూసింది. చాలాసేపు చూసింది. "కోటేశ్వరీ, ఇటు చూడు. ఈయన చేతిలో ముఖం దిగితే ప్రాణం వచ్చినట్టుంటుందే. ఇంత బాగుంటే జనం కళ్ళు ఊరుకుంటాయా, పైగా వెనకాల గుడ్లగూబ" అంది. రాళ్ళు పొదిగే మేకు తీసుకుని, ఉక్కు ఇంకా మెత్తగా ఉండగానే చెంప మీద ఒక్క దెబ్బ కొట్టింది. సరిగ్గా పడలేదని ఇంకొకటి కొట్టింది. తర్వాత కాల్చి నూనెలో ముంచేసింది. దిష్టిచుక్క అన్నయ్యా అది. పసిపిల్లకు పెట్టినట్టు పెట్టింది.

అదొక్కటే కాదు. నువ్వు చెక్కిన ప్రతి ముఖానికీ పెట్టింది. లక్ష్మీదేవి కాసులకైతే అరికాలి కింద పెట్టేది, పిల్లలకు పెడతాం కదా, అలాగే. అక్కడైతే నీ కంట పడదని. ఈ దొరల దేవతకు కాళ్ళు లేవు, ఉత్త ముఖమే. పెట్టడానికి వేరే చోటు లేక చెంప మీద పెట్టింది.

నీకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. ఎందుకో నీకు తెలియదా? పళ్ళెమంత పెద్ద అచ్చు మీద మీ బావ గోరు గీత పడిందని దాన్ని తీసుకెళ్ళి కాలవలో పారేశావు. నా అచ్చు మీద ఇంకో చెయ్యి పడితే పాతరేస్తానని వీధి అంతా వినేలా అరిచావు. ఆ మాట విన్న మనిషి నీకు ఎలా చెబుతుంది?

నీ పని గురించి నీతో ఆవిడ ఏమీ అనలేదు. నువ్వు ఎప్పుడూ అడగలేదు. ఆవిడ అనాలనుకున్నది ఆ గుంటలో ఉంది.

నునుపు చేస్తావో చేయవో నీ ఇష్టం. ఒట్టు తప్పాను, ఆ పాపం నాది.

కోటేశ్వరి

*

వుడ్‌ల్యాండ్స్
ఏప్రిల్ 14

కోటేశ్వరికి అన్న రాసేది.

చంటి అచ్చు తెచ్చి ఇచ్చాడు. నూనె గుడ్డ, దాని మీద కాగితం. చుట్టడానికి వేసిన కాగితమే అనుకున్నాను. గట్టు మీద పడేశాను.

అచ్చు బాగానే ఉంది. అంచున కాస్త తుప్పు. గుంట ఉంది. పదునెక్కిన ఉక్కు మీద ఆకురాయి జారుతుంది, మళ్ళీ మెత్తబరచాలి. అందరూ పోయాక గ్యాసు పొయ్యి మీద పెట్టి, చుట్టూ ఇటుకముక్కలు పేర్చి, మధ్యాహ్నం దాకా కాల్చాను. ఎర్రబడింది. ఇక బూడిదలో కప్పెట్టి మెల్లగా చల్లార్చాలి. పదమూడో అంతస్తులో బూడిద ఎక్కడిది? కిందకు దిగాను. ఈ నెలలో చైనా వాళ్ళు పోయిన తమ పెద్దల కోసం పీపాల్లో కాగితాలు కాలుస్తారు. ఒక ముసలావిడ కాల్చి వెళ్ళిపోయింది. బకెట్టు నిండా తెచ్చుకున్నాను. ఎవరి పెద్దలో తెలియదు. అందులో కప్పెట్టాను. తెల్లారే దాకా ముట్టుకోవడానికి లేదు.

చేతులు తుడుచుకోవడానికి ఆ కాగితం తీసుకున్నాను. వదిన అన్న అక్షరాలు కనిపించాయి. కూర్చుని చదివాను. నాకు చదవడానికి ఎంతసేపు పడుతుందో నీకు తెలుసు. సుచిత్ర వచ్చి ఇటుకలు చూసి, పొయ్యి చూసి ఏదో అంది. రాత్రి అన్నం తిన్నాను. పడుకున్నాను. ఏమీ అనిపించలేదు.

తెల్లారి అచ్చు బూడిదలోంచి తీశాను. ఉక్కు మెత్తబడింది. ఆకురాయి, ఉలి అన్నీ ముందు పెట్టుకున్నాను. నీ ఉత్తరంలో రెండు దెబ్బలన్నావు. భూతద్దం లేకుండానే కనిపించింది. మొదటి దెబ్బ పక్కకు జారింది, రెండోది దాని మీదే పడింది. పని తెలియని చెయ్యి. భయపడుతూ కొట్టిన చెయ్యి. మేకు అలా పట్టుకోకూడదు. నేను నేర్పి ఉంటే సరిగ్గా పడేది.

పనిముట్లు తీసి మళ్ళీ సంచిలో పెట్టేశాను.

ఆదివారం అచ్చు జేబులో వేసుకుని క్లెమెంటి వెళ్ళాను. తన్మయి బొమ్మలు చేసుకునే మెత్తటి ముద్ద ఒకటి పట్టుకెళ్ళాను. సుధాకరరావు ముందు బల్ల మీద అచ్చు ఒత్తి తీశాను. దేవత పైకి వచ్చింది, చుక్కతో సహా. తన నాణెం తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. భూతద్దంతో అటు చూశాడు, ఇటు చూశాడు. ముఖం పాలిపోయింది. పాపం, ఆయన రాసిన నాలుగు పేజీలు గుర్తొచ్చి ఉంటాయి. ఆయన నోట అనిపించాలని కదా వెళ్ళాను. అన్నాడు. "మీదే అంకుల్. నన్ను క్షమించండి" అన్నాడు. విన్నాను, అంటే పెదవులు చూశాను. నేననుకున్నట్టు ఏమీ లేదు. బస్సు వచ్చిందంటే లేచినట్టుంది.

మళ్ళీ ఆయనే, "మరి చుక్క?" అన్నాడు.

"అది నా పని కాదు. నా భార్య పని. దిష్టి తగలకుండా పెట్టింది" అన్నాను.

సుచిత్ర పక్కనే ఉంది. అది కుర్చీలోంచి లేచి బయట వరండాలోకి వెళ్ళిపోయింది. చాలాసేపు రాలేదు.

సుధాకరరావు ఆ నాణేన్ని దేవుళ్ళ పళ్ళెంలోంచి తీశాడు. పారేస్తాడేమో అనుకున్నాను. విడిగా చిన్న పెట్టెలో పెట్టాడు. మీటింగుకు దీన్నే తీసుకెళ్తాడట, తను రాసింది తప్పని లేచి చెబుతాడట. నేనైతే చెప్పను. పెట్టె మీద చీటీ రాయాలి, పేరు చెప్పమన్నాడు. మీ వదిన పేరు, కొండమ్మ అని రాయమన్నాను. "మీ పేరు అంకుల్?" అన్నాడు. ముఖానికి పేరు అక్కర్లేదు, చూస్తే తెలుస్తుంది అన్నాను. రాశాడు. కొండమ్మ, చిలకలపూడి అని తెలుగులోనే రాశాడు. ఆయన అక్షరాలు నాకంటే అధ్వాన్నం.

మీ ఆయనను అన్న మాట తప్పు. ఒప్పుకుంటున్నాను. తాగుబోతు అన్నది మాత్రం నువ్వే.

ఏడ్చావా అని మళ్ళీ అడుగుతావు. లేదు. వస్తుందని కూర్చున్నాను, రాలేదు.

ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్ళు చేసిన ఫంక్షనుకు సుచిత్ర తన తల్లి కాసులపేరు వేసుకుంది. గిల్టుదే, నేను చెక్కిన లక్ష్మి. నిన్న దాన్ని ఇవ్వమని అడిగాను. ఎందుకని అడగకుండా ఇచ్చింది. సుధాకరరావు భూతద్దం నా దగ్గరే ఉండిపోయింది. కిటికీ దగ్గర కూర్చుని అరికాలు చూశాను. ఉంది. ఇంత చిన్నది, గసగసాలంత.

అచ్చు ఒకటే కాబట్టి ఒక కాసు చూస్తే చాలు. నూట ఎనిమిదీ చూశాను.

సాంబమూర్తి